వాకింగ్ డెడ్ గేమ్‌లో ఏ సీజన్ ఆడాలి? క్యారెక్టర్లు, అటాచ్‌మెంట్ చూసి ఎంచుకునేవాళ్ళ కోసం

టెల్‌టేల్ అనే గేమ్ కంపెనీ వాళ్ళ వాకింగ్ డెడ్ ఆడదాం అని స్టోర్ ఓపెన్ చేస్తే చాలామంది అక్కడే ఆగిపోతారు, ఎందుకంటే సీజన్ 1, సీజన్ 2, న్యూ ఫ్రాంటియర్, ఫైనల్ సీజన్, మధ్యలో 400 డేస్ అని ఒకటి, మిషోన్ అని ఇంకోటి, అన్నీ కలిపి డెఫినిటివ్ సిరీస్ అని మరోటి. ఏది కొనాలి, ఎక్కడ మొదలెట్టాలి, అన్నీ ఆడాలా, ఒకటి ఆడి వదిలేసినా పర్లేదా? గ్రాఫిక్స్, కంట్రోల్స్ లెక్కన పోల్చినవి బోలెడున్నాయి కాబట్టి వాటి జోలికి పెద్దగా పోను. ఏ సీజన్‌లో మనుషుల్ని బాగా రాశారు, ఎవరు పోతే మనకి నిజంగా బాధేస్తుంది, ఏది ఎవరికి నప్పుతుంది, ఇక్కడ అంతవరకే.

టీవీ సీరియల్ చూడకపోయినా ఏం కాదు, ఇది రాబర్ట్ కిర్క్‌మన్ కామిక్ ప్రపంచంలోనే జరిగే వేరే కథ. జాంబీలని కాల్చుకుంటూ పోయే గేమ్ అనుకుని వస్తే మాత్రం నిరాశే, ఆటంతా నడవడం, మాట్లాడటం, టైమర్ అయిపోయేలోపు నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడం, అప్పుడప్పుడు గబగబా బటన్లు కొట్టడం, అంతే.

స్పాయిలర్ల సంగతి ముందే చెప్పేస్తా: ఏ సీజన్ ఎండింగూ చెప్పట్లేదు, కానీ మొదట్లో, మధ్యలో వచ్చే కొన్ని సీన్లు చెప్పకుండా పోలిక కుదరదు. అది కూడా వద్దనుకునేవాళ్ళు సీజన్ 1 కొనేసి, ఆడాక మళ్ళీ రండి.

## ముందు దేన్ని బట్టి పోల్చాలి

అందరూ మొదట అడిగేది "చాయిస్‌ల వల్ల కథ మారుతుందా?" అని. సూటిగా చెప్పాలంటే పెద్దగా మారదు. సీజన్ 1 మొదటి ఎపిసోడ్‌లో హర్షెల్ అనే రైతు పొలం దగ్గర ఒక సీన్ ఉంది, హర్షెల్ కొడుకు షాన్ ట్రాక్టర్ కింద ఇరుక్కుపోతాడు, అదే టైమ్‌లో, తర్వాత మనతోపాటే వచ్చే కెన్నీ కొడుకు డక్‌ని ఒక వాకర్ (ఈ కథలో జాంబీని అలాగే అంటారు) పట్టుకుంటుంది, ఇద్దరిలో ఎవరి వైపు పరిగెత్తాలో మీ ఇష్టం. మీరు ఎటు పరిగెత్తినా షాన్ చనిపోతాడు, డక్ బతుకుతాడు. ఇది తెలిశాక చాలామంది "ఇంకెందుకు చాయిస్, మోసం" అని కోప్పడతారు. కానీ కెన్నీ మర్చిపోడు కదా. నా కొడుకు ప్రమాదంలో ఉంటే నువ్వు ఎటు పోయావ్ అనేది వాడి మనసులో పడిపోతుంది, ఆ తర్వాత ఎప్పుడు మాటా మాటా వచ్చినా ఆ లెక్క బయటికి తీస్తాడు. ఈ సిరీస్‌లో చాయిస్ అంటే ఇదే, జరిగేది జరుగుతుంది, కాకపోతే అది జరుగుతున్నప్పుడు మీరు ఎలాంటి మనిషిగా నిలబడ్డారు అన్నది పక్కనున్నవాళ్ళు చూస్తారు.

అందుకే నా లెక్కలో మొదటి ప్రశ్న వేరే: మనం చేసేది ఎవరు చూస్తున్నారు? చూసేవాళ్ళు బలంగా ఉన్న సీజన్‌లో అటాచ్‌మెంట్ దానంతట అదే వస్తుంది, లేని సీజన్‌లో ఎంతమందిని చంపినా మనకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

రెండోది, ఖాళీ టైమ్ ఇచ్చారా లేదా. ఒక క్యారెక్టర్‌తో ఊరికే కూర్చుని మాట్లాడే సీన్లు, కథకి ఏ ఉపయోగం లేని కబుర్లు, అవి ఉంటేనే తర్వాత వాడు పోతే గుండె కలుక్కుమంటుంది. మూడోది, నచ్చనివాళ్ళని ఎలా రాశారు. మంచివాణ్ణి ఇష్టపడేలా రాయడం పెద్ద కష్టం కాదు, మొండోడు, పిరికోడు, నోటిదురుసు ముసలాడు, వీళ్ళని కూడా మనం పూర్తిగా అసహ్యించుకోలేకుండా రాస్తే అదీ పనితనం.

ఇంకోటి మన వాళ్ళకి మాత్రమే వచ్చే సమస్య: గేమ్‌లో తెలుగు డబ్బింగ్ లేదు, తెలుగు సబ్‌టైటిల్స్ లేవు, అంతా అమెరికన్ యాసలో గడగడా మాట్లాడేస్తుంటారు, ఆలోపు కింద టైమర్ గీత తరిగిపోతుంటుంది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకోండి, ఆప్షన్ చదవడం అవ్వకపోతే ఏం నొక్కకుండా ఉండిపోండి, మౌనంగా ఉండటం కూడా ఇక్కడ ఒక జవాబే, ఒక్కోసారి అదే మంచి జవాబు.

## ఒక్క చూపులో

| | మనం ఎవరు | మనల్ని చూసేది ఎవరు | క్యారెక్టర్ రైటింగ్ | చాయిస్ బరువు | సైజు |
|---|---|---|---|---|---|
| సీజన్ 1 (2012) | లీ ఎవరెట్ | 8 ఏళ్ళ క్లెమెంటైన్ (ముద్దుగా క్లెమ్) | అన్నిటికంటే గట్టిది | కథ మీద తక్కువ, బంధాల మీద చాలా ఎక్కువ | 5 ఎపిసోడ్లు |
| 400 డేస్ (2013) | ఐదుగురు | దాదాపు ఎవరూ లేరు | ఐడియాలు బాగున్నాయి, టైమ్ లేదు | ఆ క్షణానికే | 1 ఎపిసోడ్ |
| సీజన్ 2 (2013–14) | క్లెమెంటైన్, 11 ఏళ్ళు | పెద్దవాళ్ళంతా | కెన్నీ అద్భుతం, మిగతావాళ్ళు అటూ ఇటూ | ఎండింగ్‌లో నిజంగా ఎక్కువ | 5 ఎపిసోడ్లు |
| మిషోన్ (2016) | మిషోన్ | పోయిన తన కూతుళ్ళు | ఒక్క మనిషి కథ | తక్కువ | 3 ఎపిసోడ్లు |
| న్యూ ఫ్రాంటియర్ (2016–17) | హావియర్ గార్సియా | అన్న, వదిన, అన్న పిల్లలు | కుటుంబ గొడవ బాగుంది, క్లెమ్‌కి అన్యాయం | మధ్యస్థం | 5 ఎపిసోడ్లు |
| ఫైనల్ సీజన్ (2018–19) | క్లెమెంటైన్, టీనేజ్ | చిన్నపిల్లాడు ఏజే | సీజన్ 1కి దగ్గరగా | పెంపకం మీద చాలా ఎక్కువ | 4 ఎపిసోడ్లు |

## సీజన్ 1: లీ, క్లెమ్

లీ ఎవరెట్ జార్జియాలో హిస్టరీ ప్రొఫెసర్, భార్యతో సంబంధం పెట్టుకున్న ఒక సెనేటర్‌ని చంపిన కేసులో శిక్ష పడి పోలీస్ కార్లో వెళ్తుంటే యాక్సిడెంట్ అవుతుంది, బయట ప్రపంచం అప్పటికే తగలబడిపోయింది. దెబ్బలతో కుంటుకుంటూ ఒక ఇంట్లోకి దూరితే అక్కడ ట్రీహౌస్‌లో దాక్కున్న పిల్ల క్లెమెంటైన్. అమ్మానాన్నలు సవానా వెళ్ళారు, ఆన్సరింగ్ మెషిన్‌లో వాళ్ళ మెసేజ్‌లు ఉంటాయి, అవి వింటుంటేనే మనకి అర్థమైపోతుంది, పిల్లకి ఇంకా అర్థం కాలేదు. హంతకుడి చేతిలో ఒక పసిపిల్ల, అదీ సెటప్. లీ గతం గురించి ఎవరికి చెప్తారు, ఎవరికి దాస్తారు అన్నది మీ చేతిలో ఉంటుంది, అబద్ధం చెప్తే హర్షెల్ లాంటోడు పట్టేసుకుంటాడు కూడా.

క్లెమ్‌ని రాసిన పద్ధతే వేరు. ఆటల్లో పిల్లలంటే సాధారణంగా కాపాడాల్సిన లగేజీ లాగా ఉంటారు, ఎప్పుడూ అడ్డం పడుతూ విసిగిస్తారు. ఈ పిల్ల అలా కాదు, తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ గమనిస్తుంది. మీరు ఎవరితోనో కటువుగా మాట్లాడితే పక్కనే నిలబడి ఉంటుంది. స్క్రీన్ మీద "క్లెమెంటైన్ దీన్ని గుర్తుపెట్టుకుంటుంది" అని మెసేజ్ వస్తే చాలు, మనం ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు ఒళ్ళు జలదరిస్తుంది. మెలిస్సా హచిసన్ గొంతు, లీకి డేవ్ ఫెనాయ్ గొంతు, ఇద్దరూ ప్రాణం పెట్టారు.

ఒక సీన్ దగ్గర్నుంచి చూద్దాం. రెండో ఎపిసోడ్ మొదట్లో మోటెల్‌లో అందరూ తిండిలేక మాడిపోతుంటారు, ఆ రోజు పంచే పని గుంపుని నడిపించే లిల్లీ మీ మీద పడేస్తుంది. మీ చేతిలో ఉన్నది నాలుగే: సగం యాపిల్, రెండు బిస్కెట్ల ప్యాకెట్లు, ఒక ఎండుమాంసం ముక్క. మనుషులు మాత్రం అంతకు రెండింతలకి పైనే. టైమర్ లేదు, తొందర లేదు, మెల్లగా ఒక్కొక్కరి దగ్గరికి నడుచుకుంటూ పోవాలి. డక్‌కి పెడితే కెన్నీ సంతోషిస్తాడు, సరే. క్లెమ్‌కి పెట్టాలి కదా, పెడతాం. మూడోది పనిచేసి అలిసిపోయిన మార్క్‌కా, లేక ఎప్పుడూ మనల్ని బూతులు తిట్టే లారీకా? లారీకి పెట్టినా మంచి మాట రాదు, అయినా పెట్టాలా? మీరు ఎవర్ని దాటి వెళ్ళిపోయారో వాళ్ళు మీ వైపే చూస్తుంటారు. ఈ సీన్‌లో రక్తం లేదు, జాంబీ లేదు, కథ ఒక్క అంగుళం కూడా మారదు, కానీ ఆడినవాళ్ళని అడిగి చూడండి, మొదటిసారి ఎవరికి పెట్టారో ఇప్పటికీ ఠక్కున చెప్తారు.

అదే లారీకి తర్వాత మాంసం గదిలో గుండెపోటు వస్తుంది. చచ్చిపోతే వాకర్‌గా లేస్తాడు, తలుపులు బయటి నుంచి వేసున్నాయి. కూతురు లిల్లీ ఛాతీ నొక్కుతూ సాయం చెయ్యమని ఏడుస్తుంది, కెన్నీ ఇప్పుడే తల పగలగొట్టాలంటాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఇక్కడ కూడా ఫలితం ఒకటే, మీరు ఎవరి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారన్నదే తేడా.

ఇక కెన్నీ. ఫ్లోరిడా నుంచి వచ్చిన చేపలవాడు, కోపిష్టి, కుటుంబం అంటే పడి చస్తాడు, పది విషయాల్లో మీరు వాడికి సపోర్ట్ చేసి పదకొండో దాంట్లో కాదంటే ఆ పదీ మర్చిపోతాడు. మన చుట్టాల్లో ఇలాంటి బాబాయ్ ఒకడు ప్రతి ఇంట్లో ఉంటాడు, పెళ్ళిలో అలిగి భోజనం మానేసి కూర్చుంటాడు, అర్ధరాత్రి హాస్పిటల్ అంటే ముందు బండి తీసేది కూడా ఆయనే. కెన్నీని అంత బాగా రాశారు కాబట్టే ఏళ్ళు గడిచినా వాడు మంచోడా చెడ్డోడా అని కొట్టుకుంటూనే ఉంటారు. బెన్ అని ఒక కుర్రాడు ఉంటాడు, పిరికి, వాడు చేసే పనుల వల్ల వచ్చే నష్టం అంతా ఇంతా కాదు, నాలుగో ఎపిసోడ్‌లో వాడి చెయ్యి మీ చేతిలో ఉంటుంది, పట్టుకోవాలా వదలాలా. వదిలేసినవాళ్ళకి కూడా మనసు కుదుట పడదు.

మూడో ఎపిసోడ్‌లో రైల్లో చక్ అనే పెద్దాయన లీకి మొహం మీదే చెప్తాడు, ఈ పిల్లకి ఏమీ నేర్పకపోతే బతకదు అని. ఆ తర్వాత లీ ఆమెకి తుపాకీ పట్టుకోవడం నేర్పి సీసాలు కొట్టిస్తాడు, వాకర్లు పట్టుకోకుండా జుట్టు కత్తిరిస్తాడు. రైలు వెళ్తూనే ఉంటుంది, ఎవరూ తరమట్లేదు. ఖాళీ టైమ్ అని పైన అన్నది ఇలాంటిదే. సీజన్ 1 ఎండింగ్ అంత గట్టిగా తగలడానికి కారణం ఎండింగ్‌లో లేదు, ఈ రైలు డబ్బాలో ఉంది.

లోపాలు లేవా? ఉన్నాయి. కంట్రోల్స్ మొరటుగా ఉంటాయి, కొన్ని పజిల్స్ ఉత్త టైమ్ వేస్ట్, ముఖాలు ఈ రోజుల్లో చూస్తే బొమ్మల్లా ఉంటాయి. మొదటి ఎపిసోడ్ చివర కార్లీ, డగ్ ఇద్దరిలో ఒకర్నే కాపాడే చాయిస్ వస్తుంది, మీరు కాపాడినవాళ్ళకి కూడా తర్వాత పెద్ద కథ ఉండదు, అది నాకు ఇప్పటికీ అసంతృప్తే. అయినా 2012లో స్పైక్ వీడియో గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ది ఇయర్, తర్వాత ఏడాది కథకి బాఫ్టా అవార్డు ఊరికే రాలేదు.

## సీజన్ 2: ఇప్పుడు ఆ పిల్ల మనమే

ఇది అసలు రిస్కీ ఐడియా. మనం ఎవరి కళ్ళల్లో పడతామో అని భయపడ్డామో ఆ పిల్లగానే ఇప్పుడు మనం ఆడాలి. సీజన్ 1 నడిపించిన షాన్ వానమన్, జేక్ రాడ్‌కిన్ ఇద్దరూ అప్పటికి టెల్‌టేల్ వదిలి సొంత స్టూడియో పెట్టుకున్నారు, ఆ తేడా కనబడుతుంది. టోన్ బాగా చీకటి, ఊపిరి తీసుకునే గ్యాప్ తక్కువ.

కానీ మొదటి ఎపిసోడ్‌లో ఒక సీన్ మాత్రం మామూలుగా ఉండదు. కుక్క కరిచిన చేతితో క్లెమ్ ఒక గుంపు దగ్గరికి చేరుతుంది, అది వాకర్ కాటేమో అని వాళ్ళు షెడ్డులో పెట్టి తాళం వేస్తారు. ఆ గుంపులో డాక్టరే ఉన్నాడు, అయినా పట్టించుకోడు. ఈ పిల్ల దొంగతనంగా ఇంట్లోకి దూరి సూది, దారం, గాయం కడిగే మందు తెచ్చుకుని తన చెయ్యి తనే కుట్టుకుంటుంది. గేమ్ దాన్ని దాటేయదు, మందు పోయడం మీరే, సూది గుచ్చడం మీరే, ఒక్కో కుట్టూ మీరే లాగాలి, ఆమె కేక పెడుతుంటే. మళ్ళీ మధ్యలో అదే ఇంట్లో డాక్టర్ కూతురు సారా ఎదురవుతుంది, వయసులో క్లెమ్ కన్నా పెద్దది, కానీ నాన్న బయట ప్రపంచం తెలియకుండా పెంచాడు, చిటికెన వేలు ముడేసి మనం ఫ్రెండ్స్ కదా అని అడుగుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒకరికి అన్నీ నేర్పారు, ఇంకొకరికి ఏమీ నేర్పలేదు. లీ మీకెంత అలవాటు అయ్యాడో ఇక్కడ తెలుస్తుంది, స్క్రీన్ మీద ఆయన లేకపోయినా.

తర్వాత వచ్చే చిక్కు ఏంటంటే, 11 ఏళ్ళ పిల్లకి పెద్దవాళ్ళంతా ప్రతి పనీ చెప్తారు. నువ్వెళ్ళు క్లెమ్, నువ్వు చూడు క్లెమ్, వాడితో నువ్వు మాట్లాడు క్లెమ్. ప్లేయర్ చేతిలో పని ఉండాలి కాబట్టి అలా రాశారని అర్థమవుతుంది కానీ ఒక దశలో నవ్వొస్తుంది. క్యాబిన్ గుంపులో ల్యూక్, నిక్, పీట్ లాంటివాళ్ళు మొదట్లో ఆశపెడతారు, తర్వాత రైటర్లకి వాళ్ళతో ఏం చెయ్యాలో తోచనట్టు ఒక్కొక్కరూ జారిపోతారు. సారా విషయంలో నాకు నిజంగానే కోపం ఉంది.

బలం ఎక్కడుందంటే మళ్ళీ కెన్నీ దగ్గరే. రెండో ఎపిసోడ్‌లో రాత్రి భోజనాల టైమ్‌కి ఒక బల్ల దగ్గర కెన్నీ, ఇంకో బల్ల దగ్గర ల్యూక్ వాళ్ళు, ప్లేట్ పట్టుకుని నిలబడ్డ క్లెమ్ ఎక్కడ కూర్చోవాలి? అంతే, అదే చాయిస్. ఇద్దరూ పిలుస్తుంటారు. పాత మనిషి దగ్గర కూర్చుంటే కొత్తవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, కొత్తవాళ్ళ దగ్గర కూర్చుంటే కెన్నీ మొహం చూడలేం. ఈ లాగుడు పీకుడు ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ పెరిగి, జేన్ అనే అమ్మాయి వచ్చాక కెన్నీ దారా జేన్ దారా అన్నట్టు తయారవుతుంది, చివర్లో వచ్చే ఎండింగ్‌లు నిజంగానే వేరువేరు. చాయిస్‌కి ఫలితం ఉండాలి అనేవాళ్ళకి మొత్తం సిరీస్‌లో ఇదే పెద్ద ముగింపు. కాకపోతే ఆ ఎండింగ్‌లన్నిటినీ తర్వాతి సీజన్ చిన్న చిన్న ఫ్లాష్‌బ్యాక్‌లలో తుడిచేసింది, ఆ సంగతి తెలుసుకునే ఆడండి.

## న్యూ ఫ్రాంటియర్: అన్నదమ్ముల గొడవ

హావియర్ ఒకప్పుడు ప్రొఫెషనల్ బేస్‌బాల్ ప్లేయర్, బెట్టింగ్ వల్ల నిషేధం పడ్డవాడు. నాన్న చనిపోయే టైమ్‌కి ఇంటికి లేట్‌గా వస్తాడు, గుమ్మం దగ్గరే అన్న డేవిడ్‌తో గొడవ. ఆ ఓపెనింగ్ చాలా బాగుంటుంది, ఇంటి పేచీ జాంబీలకన్నా ముందే మొదలైపోయింది. ఆ తర్వాత అన్న తప్పిపోతే వదిన కేట్‌ని, అన్న పిల్లలు గేబ్, మరియానాలని వెంటేసుకుని ఏళ్ళ తరబడి రోడ్ల మీద తిరుగుతాడు. మధ్యలో వదినతో ప్రేమ ఆప్షన్ వస్తుంది, మన ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఆ బటన్ నొక్కడానికి చెయ్యి రాదు, నొక్కితే ఒక రకం ఇబ్బంది, నొక్కకపోతే కేట్ మొహం చూసి ఇంకో రకం. డేవిడ్‌తో సీన్లు ఈ సీజన్‌లో బెస్ట్.

ప్రాబ్లం ఏంటంటే పరుగు. ఎపిసోడ్లు పొట్టి, గేబ్ అనే కుర్రాడు ఎప్పుడూ మూతి ముడుచుకునే ఉంటాడు, వాడితో కాసేపు కూర్చునే సీన్లు ఇచ్చుంటే వాడి మీద కూడా జాలేసేది. క్లెమ్ పక్క పాత్ర అయిపోయింది, రెండు సీజన్లు ఆమెగా, ఆమె కోసం బతికిన ప్లేయర్‌కి ఇప్పుడు ఆమెని అనుమానించే ఆప్షన్లు ఇస్తే మింగుడుపడదు. ఫ్రెష్‌గా వచ్చినవాళ్ళకి ఈ బాధ ఉండదు, ఓ మాదిరి ఫ్యామిలీ డ్రామా చూసినట్టు సాఫీగా వెళ్ళిపోతుంది. పాత ప్లేయర్లు మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకుండా ఆడటం మంచిది.

## 400 డేస్, మిషోన్

రెండూ ఆప్షనలే. 400 డేస్‌లో ఐదుగురి ఐదు చిన్న కథలు, ఏ వరుసలోనైనా ఆడుకోవచ్చు. వాటిలో విన్స్ కథ మాత్రం వదలొద్దు: జైలు బస్‌లో ముగ్గురి కాళ్ళకి ఒకే గొలుసు, తప్పించుకోవాలంటే మిగతా ఇద్దరిలో ఒకరి కాలు పేల్చాలి, టైమ్ లేదు. అంతకుముందు వాళ్ళతో మాట్లాడిన నాలుగు మాటల్ని బట్టే తేల్చుకోవాలి. ఐదుగురూ సీజన్ 2లో కనబడతారేమో అని ఎదురుచూస్తే, బోనీ తప్ప మిగతావాళ్ళది వచ్చామా పోయామా అన్నట్టే ఉంటుంది.

మిషోన్ కామిక్‌లోని క్యారెక్టర్, ఆమెకి ఏం కాదని ముందే తెలుసు కాబట్టి టెన్షన్ తక్కువ. పోగొట్టుకున్న కూతుళ్ళు ఆమెకి కనబడుతూ ఉంటారు, ఆ భాగం బాగా రాశారు, చుట్టూ ఉన్నవాళ్ళ పేర్లు మాత్రం ఆట అయిపోయాక గుర్తుండవు.

## ఫైనల్ సీజన్: పెంపకం

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఇప్పుడు పెద్దది క్లెమ్, చూసేది ఏజే, పుట్టినప్పటి నుంచి వాకర్ల మధ్యే పెరిగిన బుడతడు. స్కూల్ అంటే తెలీదు, వెనక నుంచి ఎవరైనా దగ్గరికొస్తే కొరికేస్తాడు. సారీ చెప్పు అంటే ఎందుకు చెప్పాలి అని అడుగుతాడు, నిజమే కదా, ఎందుకో మనమే చెప్పాలి. బోర్డింగ్ స్కూల్లో పెద్దవాళ్ళు లేకుండా బతుకుతున్న పిల్లల గుంపు దగ్గరికి వీళ్ళిద్దరూ చేరతారు. లూయిస్ పియానో, వయొలెట్ ముభావం, చేపలు పట్టడం, రాత్రి పేకాట, కథ తొందరపడకుండా వీళ్ళతో కూర్చోనిస్తుంది. సీజన్ 1 తర్వాత మళ్ళీ ఖాళీ టైమ్ విలువ తెలిసినవాళ్ళు రాసినట్టుంది.

ఏజేని రాయడంలో గొప్పతనం ఏంటంటే వాడు మన మాటల్ని మనకే తిరిగి అప్పజెప్తాడు. మొదటి ఎపిసోడ్‌లో జాగ్రత్త కోసం మీరు మామూలుగా చెప్పిన ఒక మాటని అదే ఎపిసోడ్ చివర వాడు ఎలా వాడతాడో చూస్తే కాసేపు కంట్రోలర్ పక్కన పెట్టాల్సిందే. తర్వాత ఒకచోట వాడి నిర్ణయం వాడు తీసుకునేలా నమ్మాలా వద్దా అని గేమ్ అడుగుతుంది, మీరిచ్చే జవాబు చివరి ఎపిసోడ్‌లో ఒకరి ప్రాణం మీదకి వస్తుంది. చాయిస్ నేరుగా ఫలితాన్ని మార్చడం లేదు గమనించండి, మీరు పిల్లాణ్ణి మార్చారు, పిల్లాడు ఫలితాన్ని మార్చాడు. ఈ సిరీస్‌లో చాయిస్ సిస్టమ్ ఇంత తెలివిగా వాడింది ఇక్కడే.

రెండు హెచ్చరికలు. రెండో ఎపిసోడ్ వచ్చే టైమ్‌కి, 2018 సెప్టెంబర్‌లో టెల్‌టేల్ దాదాపు మూతపడింది, మిగతాది స్కైబౌండ్ అనే ఇంకో కంపెనీ పూర్తి చేసింది, 2019 మార్చిలో అయిపోయింది. విలన్ల వైపు కథ పలచగా ఉంటుంది. ఇంకోటి, ఇది ఒక్కటే విడిగా ఆడితే అర్థం అవుతుంది కానీ తగలాల్సినంత తగలదు, క్లెమ్ ఏజేకి నేర్పే ప్రతి రూల్ వెనకా లీ ఉన్నాడు.

## మరి మీకేది

ఒక్కటే ఆడే టైమ్ ఉంది అంటే సీజన్ 1, రెండో ఆలోచన వద్దు. దానికదే పూర్తి కథ.

రెండు ఆడగలను అంటే చాలామంది 1, 2 అంటారు, నేను మాత్రం 1, ఫైనల్ అంటాను. మధ్యలో జరిగింది యూట్యూబ్‌లో రీక్యాప్ చూసేస్తే సరిపోతుంది. సీజన్ 2 వదిలేస్తే కెన్నీ మిగతా కథ మిస్ అవుతారు, అది చిన్న నష్టం కాదు, కెన్నీ మీద మనసు పడ్డవాళ్ళు ఆ వారం ఇంకెవరి మాటా వినకుండా సీజన్ 2 వేసుకోండి.

చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు: సీజన్ 1, ఫైనల్ రెండూ మీకు మిగతావాళ్ళకంటే రెట్టింపు తగులుతాయి, మంచికీ చెడుకీ. పిల్లలు నిద్రపోయాకే ఆడండి, హింస, బూతులు గట్టిగానే ఉంటాయి. కుక్కల్ని పెంచుకునేవాళ్ళకి సీజన్ 2 మొదటి ఎపిసోడ్ విషయంలో ముందే చెప్తున్నా, అక్కడ ఒక సీన్ ఉంది, తట్టుకోలేరు.

ఈ మధ్యే ఇంట్లో ఎవర్నైనా పోగొట్టుకుని ఉంటే సీజన్ 1 ఐదో ఎపిసోడ్ ఇప్పుడే వద్దు, కొన్నాళ్ళు ఆగండి, గేమ్ ఎక్కడికీ పోదు.

కథే మారిపోవాలి, ఊరు ఊరంతా నా నిర్ణయంతో మారాలి అనేవాళ్ళకి ఈ సిరీస్ సెట్ కాదు. డైయింగ్ లైట్ 2 చూడండి, అక్కడ సిటీలో ఏ ఏరియా ఏ వర్గానికి ఇస్తారో దాన్ని బట్టి మ్యాప్‌లో సౌకర్యాలు మారతాయి, మనుషుల రాతలో మాత్రం ఈ లోతు ఉండదు. రాసిన కథ కాకుండా మీ అంతట మీరే అటాచ్ అవ్వాలనుకుంటే స్టేట్ ఆఫ్ డికే 2 ఉంది, అందులో గుంపులో మనుషులు ఒకసారి పోతే పోయినట్టే, వాళ్ళకి పెద్ద డైలాగులు కూడా ఉండవు, అయినా మనం రోజూ వాడిన మనిషి పోతే బేస్ బోసిపోతుంది.

ఆడకుండా వీడియోలు చూసేద్దాం అనుకునేవాళ్ళు న్యూ ఫ్రాంటియర్, మిషోన్ అలా చూసేసినా నష్టం లేదు. సీజన్ 1 మాత్రం చూడొద్దు, ఆ యాపిల్ ముక్క ఎవరికి ఇవ్వాలో ఎవడో స్ట్రీమర్ తేలిస్తే ఇంక మనకి మిగిలేదేముంది.

కొనేటప్పుడు విడివిడిగా కాకుండా 2019లో వచ్చిన డెఫినిటివ్ సిరీస్ తీసుకోవడమే మేలు, అన్ని సీజన్లు, 400 డేస్, మిషోన్ అన్నీ అందులోనే ఉన్నాయి, ఒక సీజన్ చాయిస్‌లు ఇంకో సీజన్‌కి మోసుకుపోవడం కూడా తేలిక. రేటు ఎక్కువనిపిస్తే సేల్ దాకా ఆగి కొనండి. ఒక్క రిక్వెస్ట్, మొదటిసారి ఆడేటప్పుడు తప్పు నొక్కామని వెనక్కెళ్ళి ఎపిసోడ్ మళ్ళీ లోడ్ చెయ్యొద్దు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుని ఆడితే ఇంకా బాగుంటుంది, కంట్రోలర్ ఒకరి చేతిలో, నిర్ణయం అందరిదీ, మాంసం గది సీన్ దగ్గర ఎలాగూ గొడవ అవుతుంది కాబట్టి పాజ్ బటన్ ఎక్కడుందో ముందే చూసిపెట్టుకోండి.